వీడియో పెట్టే ముందు ఎం-బుక్ అడగండి

ప్రశ్న: మాది హైదరాబాద్ శివారులో ఒక మధ్యతరగతి కాలనీ. పోయిన ఎండాకాలం మా గల్లీలో సీసీ రోడ్డు వేశారు. వానలు మొదలయ్యేసరికే కంకర తేలిపోయింది. పక్కింటివాళ్లు నల్లా కనెక్షన్ కోసం రోడ్డు కోయించినప్పుడు చూశాం, మందం బెత్తెడుకు కొంచెం ఎక్కువ, అంతే. ఇదిలా ఉండగా, ఇంటిపైన వేసుకున్న పోర్షన్‌కు పన్ను అసెస్‌మెంట్ చేయించుకుందామని వెళితే ఆఫీసులో ఒకాయన 12 వేలు అడిగాడు. తర్వాత ఫోన్ చేసి మళ్లీ అడిగాడు. ఆ కాల్ మా ఆయన రికార్డు చేశారు. డబ్బులు ఇంకా ఇవ్వలేదు. రోడ్డు ఫొటోలు, ఆ ఆడియో, ఆయన ఫొటో అన్నీ కలిపి ఎక్స్‌లో, ఇన్‌స్టాలో పెడితే దెబ్బకు కదులుతారని మా మరిది అంటున్నాడు. వేరే పేరుతో అకౌంట్ తెరుస్తాడట. మా మామయ్య మాత్రం "మనకెందుకు, కేసులు పెడతారు" అని భయపడుతున్నారు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. పెట్టమంటారా, వద్దంటారా?

(పేరు, కాలనీ పేరు వేయవద్దని కోరిన పాఠకురాలు)

సమాధానం:

అమ్మా,

మీ దగ్గర ఉన్నవి రెండు వేర్వేరు విషయాలు. ఒకటి లంచం, ఇంకొకటి రోడ్డు. రెండింటినీ ఒకే పోస్టులో కలపాలనుకుంటున్నారు. అది చేయకండి. లంచం సంగతి ఇప్పుడు ఇంటర్నెట్‌లో పెట్టకూడదు. రోడ్డు సంగతి తప్పకుండా పెట్టాలి, కానీ కాగితాలు, ముఖ్యంగా ఎం-బుక్ అనే కొలతల పుస్తకం నకలు, చేతికి వచ్చాక పెట్టాలి.

ముందు లంచం గురించి చెబుతాను, అక్కడ ఆలస్యం పనికిరాదు కాబట్టి. ఆ ఆడియో బయటికి వచ్చిన మరుక్షణం ఆయన జాగ్రత్తపడతాడు. ఫోన్ మారుస్తాడు, మీ ఫైలు మీద ఏదో ఒక కొర్రీ రాసి పెడతాడు, "ఆ గొంతు నాది కాదు, ఏఐతో చేశారు" అంటాడు. ఈ రోజుల్లో ఆ మాట నమ్మేవాళ్లు కూడా ఉంటారు. అదే ఆడియోతో మీరు ముందుగా ఏసీబీకి, అంటే అవినీతి నిరోధక శాఖకు వెళితే కథ వేరుగా నడుస్తుంది. 1064 టోల్ ఫ్రీ నంబరు. బంజారాహిల్స్‌లో వాళ్ల ప్రధాన కార్యాలయం ఉంది, నేరుగా కూడా వెళ్లవచ్చు. ఫిర్యాదు రాసిస్తే వాళ్లు ముందు విచారించుకుంటారు, నిజమనిపిస్తే ట్రాప్ వేస్తారు. మీరిచ్చే నోట్ల నంబర్లు మధ్యవర్తుల ముందు రాసుకుని, నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. ఆయన డబ్బు ముట్టుకున్నాక చేతులు సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు మారతాయి. పేపర్లో చదివే "రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుబడ్డ" వార్తల వెనక జరిగేది ఇదే. ఈ పని ఇంటర్నెట్ చేయలేదు.

డబ్బులు ఇంకా ఇవ్వలేదన్నారు, అది మంచిదైంది. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇచ్చినవాళ్లు ఏడు రోజుల్లోపు పోలీసులకో ఏసీబీకో చెబితేనే వాళ్లకు రక్షణ. ముందే ఏసీబీకి చెప్పి, వాళ్లకు సాయపడటానికి ఇస్తే అది నేరం కాదు. చాలామందికి ఈ సంగతి తెలియదు. "నేను ఇంత ఇచ్చాను, చూడండి" అని నెల రోజుల తర్వాత ఫేస్‌బుక్‌లో రాసుకుంటారు. తమ నేరాన్ని తామే ఒప్పుకున్నట్టవుతుందని వాళ్లకు తట్టదు.

కాల్ రికార్డింగ్ కోర్టులో చెల్లుతుందా అని మీ మామయ్యగారికి అనుమానం ఉండొచ్చు. బొంబాయి కరోనర్‌గా (అనుమానాస్పద మరణాలను విచారించే అధికారిగా) ఉన్న ఆర్.ఎం. మల్కానీ లంచం కేసులో ఫోన్ సంభాషణ టేపును సుప్రీంకోర్టు 1972లోనే సాక్ష్యంగా తీసుకుంది. అయితే ఆడియో ఎలా దాచారన్నది ముఖ్యం. మీ ఆయన ఫోన్‌లోని అసలు ఫైలును కత్తిరించకూడదు, పేరు మార్చకూడదు, "సౌండ్ క్లియర్‌గా లేదు" అని ఏ యాప్‌లోనూ వేసి బాగు చేయకూడదు. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ఆ ఫోన్ అమ్మకండి, ఎక్స్చేంజిలో ఇవ్వకండి, రీసెట్ చేయకండి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఫైలుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఆ ఫైలు వేలిముద్ర లాంటిది. ఫైల్లో ఒక్క సెకను కోసినా అది మారిపోతుంది. మీ మరిది ఆ ఆడియోకు సబ్‌టైటిల్స్, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ పెట్టి రీల్ చేయాలనుకుంటున్నాడేమో. రీల్ కోర్టులో నిలబడదు. అసలు ఫైలు నిలబడుతుంది.

ఇంకో సంగతి. మీ దగ్గర చేయి చాపినాయన బహుశా ఆ ఆఫీసులో కింది మెట్టు మీద ఉన్న మనిషి. మన ఊళ్లో వైరల్ అయ్యే లంచం వీడియోల్లో ఎక్కువగా కనిపించేది కింది స్థాయి వాళ్లే, కౌంటర్ దగ్గర కూర్చునేది వాళ్లే కాబట్టి. వీడియో వస్తుంది, సాయంత్రానికి సస్పెండ్ చేస్తారు, మనం చప్పట్లు కొడతాం. సస్పెన్షన్ శిక్ష కాదు, విచారణ తేలేదాకా పక్కన పెట్టడం మాత్రమే. ఆ రోజుల్లో కూడా కొంత జీతం వస్తుంది. 12 వేలల్లో ఆయన వాటా ఎంత, పైకి ఎంత పోతోందన్న ప్రశ్న ఆ చప్పట్లలో మునిగిపోతుంది. ఒక ముఖం దొరికితే జనం కోపం చల్లారుతుంది, పై వాళ్లకూ అదే కావాలి. అందుకే ముఖాన్ని బజారులో పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆయన మీద జాలితో అనడం లేదు. ఆయన వెనక ఉన్నవాళ్లు తప్పించుకుంటారని అంటున్నాను.

ఇక రోడ్డు. అసలు ఇంటర్నెట్ పనికొచ్చేది ఇక్కడే.

కంకర తేలిన రోడ్డు ఫొటో హైదరాబాద్‌లో ఎవరినీ కదిలించదు. వానాకాలంలో అలాంటివి రోజుకు ఎన్ని చూస్తున్నామో మీకూ తెలుసు. జవాబు కూడా సిద్ధంగా ఉంటుంది, "భారీ వర్షాల వల్ల దెబ్బతింది, రిపేరు చేస్తాం" అని. అదే ఫొటో పక్కన "ఈ రోడ్డుకు ఇంత మందం వేసినట్టు ఫలానా తేదీన కొలతలు రాసి బిల్లు ఇచ్చారు" అన్న ప్రభుత్వ కాగితం ఉందనుకోండి, వానను సాకుగా చూపలేరు. రోడ్డు వానకు పగలవచ్చు, మందం వానకు తగ్గదు కదా.

ఆ కాగితం పేరు మెజర్‌మెంట్ బుక్. కాంట్రాక్టర్లు, ఇంజనీర్లు ఎం-బుక్ అంటారు. పని జరిగిన చోట కొలిచి, పొడవు, వెడల్పు, మందం అందులో రాస్తారు. దాన్ని బట్టే బిల్లు తయారవుతుంది. కాబట్టి దొంగ లెక్క ఎక్కడైనా ఉంటే ఆ పేజీలోనే ఉండాలి. సమాచార హక్కు చట్టం కింద దాని నకలు అడగండి. దాంతోపాటు ఎస్టిమేట్, అగ్రిమెంట్, వర్క్ ఆర్డర్, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, చెల్లించిన బిల్లులు అడగండి. అగ్రిమెంట్‌లో డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ అని ఒకటి ఉంటుంది. ఆ గడువులో రోడ్డు పాడైతే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగు చేయాలి. ఆ గడువు దాటేదాకా మిమ్మల్ని తిప్పితే మళ్లీ కొత్త టెండరు, మళ్లీ మన డబ్బు.

దరఖాస్తుకు 10 రూపాయలు, నకళ్లకు పేజీకి 2 రూపాయలు. ఎందుకు అడుగుతున్నారో చెప్పక్కర్లేదు. కాలనీ అసోసియేషన్ పేరుతో కాకుండా ఒక వ్యక్తి పేరుతో వేయండి, ఆ హక్కు పౌరులకు ఇచ్చింది కాబట్టి సంఘం పేరు చూసి తిప్పి పంపే అవకాశం ఉంది. అదే చట్టంలో 2(జె) చాలామంది చదవని సెక్షన్. కాగితాలే కాదు, పనిని స్వయంగా తనిఖీ చేయడానికి, వాడిన మెటీరియల్ నమూనాను ధ్రువీకరించి తీసుకోవడానికి కూడా అది హక్కు ఇస్తోంది. అంటే రోడ్డులోంచి కోర్ కటింగ్ నమూనా కావాలని మీరు రాతపూర్వకంగా అడగవచ్చు. యంత్రంతో గుండ్రంగా కోసి తీసిన ఆ ముక్క మందం చూపిస్తుంది, ల్యాబ్‌కు పంపితే సిమెంటు తగినంత కలిపారో లేదో కూడా తెలుస్తుంది.

దరఖాస్తులో మనుషుల గురించి అడగకండి, పని గురించి అడగండి. ఫలానా ఇంజనీరు ఆస్తులెంత, ఆయన మీద ఎన్ని కేసులున్నాయి అని అడిగితే వ్యక్తిగత సమాచారమని తిప్పి కొడతారు. 2023 నాటి డేటా రక్షణ చట్టం ద్వారా సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చారు. 2025 నవంబరులో ఆ మార్పు అమల్లోకి వచ్చాక అలా తిప్పికొట్టడం ఇంకా తేలికైంది. ఇది చాలా అన్యాయమైన మార్పని నా అభిప్రాయం. ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలన్న 8(2) ఇంకా బతికే ఉంది, కానీ దాని కోసం అప్పీళ్ల దాకా పోవాలి. ఎం-బుక్ ఎవరి వ్యక్తిగత సమాచారమూ కాదు, అది మన డబ్బు లెక్క.

జవాబు 30 రోజుల్లో రావాలి. రాకపోతే మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఈ చివరి మెట్టు మీద పెద్ద ఆశ పెట్టుకోకండి. మన రాష్ట్ర కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా ఒక్క కమిషనరూ లేరు, అప్పీళ్లు గుట్టలుగా పేరుకుపోయాయి. అందుకే నకళ్లతో పాటు "రికార్డును స్వయంగా పరిశీలించడానికి తేదీ ఇవ్వండి" అని కూడా అదే దరఖాస్తులో రాయండి. మొదటి గంటకు రుసుం లేదు. మీరు ముగ్గురు నలుగురు కలిసి వెళ్లి పేజీ ముందు కూర్చుంటే నకలు ఇవ్వకుండా తిప్పడం వాళ్లకు కష్టమవుతుంది. రాష్ట్ర టెండర్ల పోర్టల్‌లో కూడా మీ డివిజన్ పేరుతో వెతికి చూడండి, పని పేరు, అంచనా విలువ అక్కడే దొరకవచ్చు. ఒకే గల్లీ పనిని రెండు మూడు ముక్కలు చేసి చిన్న పనులుగా ఇచ్చారేమో కూడా గమనించండి.

ఈలోగా మీరు చేయాల్సిన పని ఒకటుంది. పక్కింటివాళ్లు కోసిన చోట గుంత పూడ్చకముందే కొలవండి. స్టీలు టేపు నిలువుగా పెట్టి, అంకెలు కనిపించేలా దగ్గరి నుంచి ఒక ఫొటో, ఏ ఇంటి ముందో తెలిసేలా దూరం నుంచి ఒక ఫొటో తీయండి. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో పెట్టండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గిపోతుంది, తేదీ, లొకేషన్ వివరాలూ పోతాయి. డాక్యుమెంట్‌గా పంపుకోండి లేదా కేబుల్‌తో కంప్యూటర్లోకి ఎక్కించండి. ఒక్క గుంత చూసి తీర్పు చెప్పకండి, రోడ్డు అంచుల్లో మందం కాస్త తక్కువ ఉండటం మామూలే. ఇంకా ఎక్కడెక్కడ కోశారో అక్కడంతా కొలవండి.

మందం తక్కువైతే పోయిందేమిటో లెక్క వేసి చూపండి, జనానికి అప్పుడే అర్థమవుతుంది. గల్లీ 100 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు అనుకుందాం. 15 సెంటీమీటర్ల మందం అంటే 60 ఘనపు మీటర్ల కాంక్రీటు. నిజంగా వేసింది 9 సెంటీమీటర్లే అయితే 36 ఘనపు మీటర్లు. తేడా 24. రెడీమిక్స్ లారీ ఒకటి 6 ఘనపు మీటర్లు తెస్తుందనుకుంటే, నాలుగు లారీల కాంక్రీటు మీ గల్లీకి రానే లేదు, డబ్బు మాత్రం ఇచ్చేశారు. ఈ నాలుగు లారీల లెక్క మీ కాలనీలో ఎవరికైనా ఇట్టే ఎక్కుతుంది.

కాగితాలతో ఇంత పని జరుగుతుందా అని మీ మరిదికి అనుమానం రావచ్చు. 2024 ఫిబ్రవరి 15న పార్టీలకు పేరు బయటపడకుండా విరాళాలిచ్చే ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు కొట్టేశాక ఏం జరిగిందో గుర్తు చేయండి. మార్చి 14న ఎన్నికల సంఘం రెండు జాబితాలు పెట్టింది, కొన్నవాళ్లది ఒకటి, తీసుకున్న పార్టీలది ఒకటి. ఎవరి డబ్బు ఎవరికి పోయిందో కలిపి చూసే వీలు లేదు. మార్చి 21న బాండ్ల నంబర్లు కూడా బయటికి రాగానే విలేకరులే కాదు, కంప్యూటర్ తెలిసిన మామూలు మనుషులు కూడా ఆ రాత్రికి రాత్రే రెండు జాబితాలనూ కలిపేశారు. అందరి చేతిలోనూ ఒకే పట్టిక, ఎవరైనా సరిచూసుకోవచ్చు. మన దగ్గర అంతకు చాలా ముందే ఇలాంటిది జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీలు పెట్టారు. మస్టర్లలో, అంటే కూలీల హాజరు పట్టీల్లో, పేర్లు ఊరి ముందు చదివి వినిపిస్తుంటే, పని చేయనివాళ్ల పేర్లు, చనిపోయినవాళ్ల పేర్లు బయటపడేవి. తర్వాత ఆ మస్టర్లు ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. బెంగళూరులో జనాగ్రహ సంస్థ 2010లో లంచాల ఫిర్యాదులకు వెబ్‌సైట్ పెట్టినప్పుడు కూడా మనుషుల పేర్ల వెంట పడలేదు, ఏ ఆఫీసులో ఏ పనికి ఎంత అడుగుతున్నారన్నది పోగు చేసింది. ఏసీబీ ట్రాప్ పని అయ్యాక, మీ కాలనీలో అసెస్‌మెంట్ కోసం ఇంకెంతమందిని అడిగారో మీరూ కనుక్కోండి. పది ఇళ్లు అదే రేటు చెబితే అది ఒక్క మనిషి కక్కుర్తి కాదని ఏసీబీకీ అర్థమవుతుంది.

కేసుల భయం గురించి. మామయ్యగారి భయం ఉత్తది కాదు, అలాగని నోరు మూసుకోవాల్సినంత పెద్దదీ కాదు. నచ్చని పోస్టు పెడితే జైల్లో వేయడానికి వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. పరువు నష్టం ఇంకా ఉంది, భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్, రెండేళ్ల దాకా శిక్ష పడవచ్చు. ప్రజల మేలు కోసం నిజం చెప్పడం, అధికారి తన ఉద్యోగ ధర్మం ఎలా చేశాడో సదుద్దేశంతో విమర్శించడం ఆ సెక్షన్‌లోనే మినహాయింపులు. పరువు నష్టం మీద పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టడానికి వీల్లేదు, మేజిస్ట్రేట్ దగ్గరికే పోవాలి. సోషల్ మీడియా పోస్టుల మీద ఎడాపెడా కేసులు పెట్టవద్దని 2025 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు పోలీసులకు మార్గదర్శకాలే ఇచ్చింది. విమర్శ కటువుగా ఉన్నంత మాత్రాన కేసు కాదని అందులో ఉంది.

కాబట్టి పోస్టులో మీరు రాసే ప్రతి వాక్యం వెనక ఒక కాగితమో కొలతో ఉండాలి. "ఫలానావాడు తిన్నాడు" అని రాయకండి, తిన్నట్టు మీ దగ్గర రుజువు లేదు. "ఎం-బుక్ ఈ పేజీలో 15 సెంటీమీటర్లు అని ఉంది, ఈ మూడు చోట్ల మేం కొలిస్తే ఇంత ఉంది, కోర్ కటింగ్ ఎప్పుడు చేయిస్తారు?" అని అడగండి. పని నంబరు, మొత్తం, తేదీలు రాయండి. నకళ్లు పూర్తిగా పెట్టండి, మీకు అనుకూలమైన పేజీ ఒక్కటే పెట్టకండి. సమాచార హక్కు జవాబు మీద మీ పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు ఉంటాయి, అవి చెరిపేశాకే స్కాన్ పెట్టాలి. పోస్టు పెట్టే రోజే విజిలెన్స్‌కు రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో ఇచ్చినా రసీదు ఉంటుంది.

దొంగ పేరుతో అకౌంట్ వద్దని మీ మరిదికి గట్టిగా చెప్పండి. పోలీసులు అడిగితే కంపెనీ నుంచి ఫోన్ నంబరు, ఐపీ అడ్రసు వస్తాయి, కాబట్టి అది దాపరికమే కాదు. పైగా పేరులేని అకౌంట్ మాట ఏ విలేకరీ ఎత్తుకోడు. అంతకన్నా కాలనీ అసోసియేషన్ పేజీ మీద, కమిటీ సంతకాలతో పెట్టండి. మీరు ప్రైవేటు స్కూల్లో పని చేస్తున్నారు, మీ ఒక్కరి పేరు మీద ఇది మోయాల్సిన అవసరం లేదు. ఇదే నేను అన్నిటికన్నా నొక్కి చెప్పదలచుకున్నది. జాతీయ రహదారుల పనుల్లో అవినీతి గురించి ఇంజనీరు సత్యేంద్ర దూబే ప్రధాని కార్యాలయానికి రాసి, తన పేరు బయటపెట్టవద్దని కోరారు. అయినా ఆ ఉత్తరం ఆఫీసులన్నీ తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయన్ని కాల్చి చంపారు. అలాంటివాళ్ల రక్షణకు 2014లో పార్లమెంటు చేసిన చట్టాన్ని ఇప్పటికీ అమల్లోకి తేలేదు. ఇది తలచుకుంటే నాకు కడుపు మండుతుంది. సమాచారం ఒక్క మనిషి దగ్గరే ఉంటే, ఆ మనిషి నోరు మూయిస్తే చాలు. అదే అందరి దగ్గరా ఉంటే ఒకరిని బెదిరించి లాభం లేదు. కేంద్ర సమాచార కమిషన్ కూడా 2011 సెప్టెంబరులో ఇదే దారి పట్టింది. దరఖాస్తుదారు మీద దాడి జరిగితే, ఆయన అడిగిన సమాచారాన్ని వెబ్‌సైట్‌లో అందరికీ పెట్టించాలని తీర్మానించింది. మీ కాలనీలో నలుగురైదుగురు వేర్వేరుగా దరఖాస్తులు వేయండి, ఒకరు ఎస్టిమేట్, ఒకరు ఎం-బుక్, ఒకరు క్వాలిటీ రిపోర్టు. వచ్చిన ప్రతి కాగితం కాపీ అందరి దగ్గరా ఉండాలి. బెదిరింపు ఫోన్ వస్తే ఆ రోజే పోలీసులకు రాసివ్వండి, "చూద్దాంలే" అని ఊరుకోవద్దు.

ముందు ఏసీబీ పని కానివ్వండి. అది తేలేదాకా అసెస్‌మెంట్ గొడవ, ఆడియో సంగతి కాలనీ వాట్సాప్ గ్రూపులో కూడా ఎత్తకండి. ఆ గ్రూపులో ఎవరి బంధువు ఏ ఆఫీసులో ఉన్నారో మీకు తెలియదు. రోడ్డు దరఖాస్తులు మాత్రం ఈ వారమే స్పీడ్ పోస్టులో వేసేయండి, రసీదులు దాచండి. ఎం-బుక్ నకలు రాగానే పేజీలో "డి" అని రాసిన గడి చూడండి, మందం అక్కడే ఉంటుంది. చేతిరాత అర్థం కాకపోతే ఆ పేజీ ఫొటో నాకు పంపండి, కూర్చుని చదివి పెడతాను.